మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్ చూశాక

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల సిబ్బంది కథ చెప్పే ఈ సిరీస్‌లో నిన్న రాత్రి చివరిదైన తొమ్మిదో ఎపిసోడ్ కూడా అయిపోయింది. 2001లో వచ్చిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్', 2010 నాటి 'ద పసిఫిక్' యుద్ధ సిరీస్‌లంటే నాకు ప్రాణం. వాటి సరసన ఇది నిలబడుతుందా అంటే, పూర్తిగా కాదనే చెప్తాను. ఆక్సిజన్ మాస్కుల వెనక ఎవరెవరో పోల్చుకునేలోపే విమానం కూలిపోతుంది. 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్'లో ఈజీ కంపెనీ అనే సైనిక దళం కుర్రాళ్లు మన ఇంటి మనుషుల్లా గుర్తుండిపోయారు. ఇక్కడ ఆ దగ్గరితనం రాలేదు.

కానీ ఐదో ఎపిసోడ్! 1943 అక్టోబర్ 10న జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరం మీదికి దాడికి వెళ్లిన 100వ బాంబ్ గ్రూప్ (ఈ సిరీస్ కథ నడిచే అమెరికా వైమానిక దళ విభాగం) విమానాల్లో పైలట్ రోజెంతాల్ నడిపిన బి-17 బాంబర్ ఒక్కటే ఇంగ్లండ్‌లోని థోర్ప్ అబాట్స్ స్థావరానికి తిరిగొచ్చింది. మిగతావాళ్ల కోసం ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డ ఆ ముఖాలు చూస్తుంటే గొంతు పట్టేసింది. ఆ ఒక్క ఎపిసోడ్ ఈ ఆదివారం నాన్నతో కలిసి మళ్లీ చూస్తాను.