రాని వారి పట్టిక

మా బైబిలు కళాశాలలో రెండో సంవత్సరం మొదలైన రోజున నోటీసు బోర్డు చుట్టూ మూగిన గుంపు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. ఆదివారపు పరిచర్యకు ఎవరిని ఏ సంఘానికి పంపుతున్నారో ఆ కాగితం మీద ఉండేది. పెద్ద సంఘం వస్తే అదృష్టమని అనుకునేవాళ్లం. అక్కడ పాటల బృందం ఉంటుంది, యువత ఉంటుంది, ప్రసంగిస్తే వినడానికి జనం ఉంటారు. నా పేరుకు ఎదురుగా ఉన్న సంఘం పేరు చూసి పక్కనున్న మిత్రుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏమీ అనలేదు.

మొదటి ఆదివారం వెళ్లేసరికి అతని మౌనం అర్థమైంది. మందిరం పెద్దది, మనుషులు కొద్దిమంది. ముందు వరసలు ఖాళీ. మధ్యలో అక్కడొకరు ఇక్కడొకరుగా పెద్దవాళ్లు, వెనుక గోడకు ఆనుకుని ఇద్దరు కుర్రవాళ్లు. పాట ఎత్తుకుంటే గొంతుల కంటే పైకప్పు నుంచి వచ్చే ప్రతిధ్వనే పెద్దగా వినిపించింది. లెక్కపెడితే ముప్పై ఏడుగురు.

నెల తిరిగాక నివేదిక రాయమన్నారు. కాలం మారిందని, లోకాశలు పెరిగాయని, యువతకు వాక్యం మీద ఆసక్తి తగ్గిందని మూడు పేజీలు రాశాను. బాగా రాశాననే అనుకున్నాను. సంఘ చరిత్ర చెప్పే మాస్టారు అంతా ఓపికగా చదివి కాగితాలు నా చేతికిచ్చి, "ఇందులో ఒక్క మనిషి పేరు కూడా లేదేం బాబూ?" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. ఆయనే మళ్లీ చెప్పారు. "సంఘంలో హాజరు రిజిస్టరు ఉంటుంది. తీసి చూడు. వస్తున్నవాళ్ల సంగతి తర్వాత. రాని వాళ్ల పేర్లు రాసుకురా. పెన్సిలుతో రాయి."

"పెన్సిలు ఎందుకండీ?"

"తిరిగి వచ్చినవాళ్ల పేరు చెరిపెయ్యాలి కదా."

బీరువాలో అడుగున దొరికింది ఆ రిజిస్టరు. అట్ట ఊడిపోయింది, దారం మాత్రం గట్టిగానే ఉంది. ఐదేళ్ల హాజరు అందులో ఉంది. ఒక పేరు మీద వేలు పెట్టి గళ్ల వెంట పోతుంటే ఆ మనిషి జీవితం కొంత కనబడేది. ఏడాదంతా వరసగా టిక్కులు. తర్వాత ఒక ఖాళీ గడి. రెండు టిక్కులు, మళ్లీ మూడు ఖాళీలు. ఆ తర్వాత గళ్లన్నీ తెల్లగా ఉండేవి. మరుసటి ఏడాది పేజీ తిప్పితే ఆ పేరే లేదు. ఎవరూ కొట్టివేయలేదు. కొత్త పేజీలోకి ఎక్కించలేదు, అంతే. అప్పటిదాకా సంఘం చీలితేనో, పెద్ద గొడవ జరిగితేనో తగ్గిపోతుందని నేను అనుకునేవాణ్ణి. ఆ పుస్తకంలో గొడవ జాడే లేదు. ఒక్కొక్కరుగా, చప్పుడు లేకుండా వెళ్లిపోయారు.

నలభై ఒక్క పేర్లు రాసుకున్నాను. వారిలో చనిపోయినవారిని, ఉద్యోగాల మీద దూరం వెళ్లినవారిని తీసివేస్తే ఇరవై ఆరు మిగిలాయి. ఆ ఏడాదంతా ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. దేవుని మీద నమ్మకం పోయిందని చెప్పినవారు ఇద్దరే. మిగిలిన ఇరవై నలుగురివీ వింటే వాళ్ల ముందు మనం తలెత్తుకోలేని కారణాలు.

ఒక పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. కాలు విరిగి రెండు నెలలు మంచం మీద ఉన్నదట. తలుపు చప్పుడైనప్పుడల్లా సంఘం నుంచి ఎవరో వచ్చారని లేచి కూర్చునేదట. ఎవరూ రాలేదు. కాలు బాగయ్యాక వెళ్లడానికి మనసు రాలేదు. "నేను రావడం లేదన్న సంగతి అక్కడ ఎవరికైనా తెలుసా బాబూ?" అని అడిగింది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను.

మరొక యువకుడు వాక్యభాగం చదువుతూ పాత నిబంధనలోని ఒక పేరు తప్పు పలికాడు. ముందు వరసలో కొందరు నవ్వారు. మరుసటి వారం నుంచి చదివే పని మరొకరికి ఇచ్చారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ పేరును అతను తర్వాత ఇంట్లో సరిగ్గా పలకడం నేర్చుకున్నాడు. నాకు పలికి వినిపించాడు కూడా.

ఇంకొకాయన కానుకల లెక్క చూపమని సర్వసభ్య సమావేశంలో అడిగాడు. మంచి ఉద్దేశంతోనే అడిగాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన పెద్దల కంట్లో నలుసయ్యాడు. ప్రార్థనలో పేరు చెప్పకుండా "సంఘ ఐక్యతను చెడగొట్టేవారి" కోసం ప్రార్థించారట. ప్రార్థనను అలా వాడుకోవడం కంటే పెద్ద తప్పు సంఘంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఈయన సంగతి చెప్పినప్పుడు మాస్టారు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయమన్నారు. యెరూషలేములో సంఘం వేగంగా పెరుగుతున్నప్పుడే సణుగుడు పుట్టింది. రోజువారీ ఆహార పంపకంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు ఫిర్యాదు చేశారు. అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. "ఆ ఏడు పేర్లు చదువు" అన్నారు మాస్టారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న పక్షం వారి చేతికే పంపకం వెళ్లినట్టుంది. ఆ వెంటనే వచ్చే మాట, శిష్యుల సంఖ్య ఇంకా పెరిగిందని. ఫిర్యాదుకు, పెరుగుదలకు మధ్య ఉన్న ఆ తలుపును ఆ రోజు దాకా నేను చూడలేదు.

ఆయన తరగతుల్లో నా మనసులో నిలిచిపోయిన మరో పాఠం ఎఫెసు సంఘం. పౌలు మూడేళ్లు రాత్రింబగళ్లు కన్నీళ్లతో బోధించిన సంఘం అది. ప్రకటన గ్రంథంలో క్రీస్తు దానికి పంపిన ఉత్తరంలో మెచ్చుకోలు బోలెడంత ఉంది. కష్టపడ్డారు, సహించారు, అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకున్నారు. బోధలో లోపం లేదు, పనిలో లోపం లేదు. మొదటి ప్రేమను వదిలేశారన్నదొక్కటే తప్పు. దానికే దీపస్తంభం తీసివేస్తానన్న, అంటే సంఘంగా దాని స్థానమే పోతుందన్న హెచ్చరిక. ఆరాధన సమయానికి మొదలవుతుంది, ప్రసంగం వాక్యానుసారంగా ఉంటుంది, అయినా మంచం పట్టిన మనిషి తలుపు తట్టేవారు ఉండరు. నేను వెళ్లిన సంఘం అచ్చంగా అలాంటిదే.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన బోధకుడు జాన్ వెస్లీ గురించి ఆయన చెప్పిన కథ మా తరగతివాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1742లో బ్రిస్టల్‌లో మెథడిస్టుల మందిరం మీద అప్పు ఉంది. ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని, పన్నెండు మందికి ఒక నాయకుడు ఉండి వసూలు చేయాలని, ఇవ్వలేని పేదవారి వంతు ఆ నాయకుడే భరించాలని అనుకున్నారు. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు అప్పటిదాకా ఎవరికీ తెలియని సంగతులు కనబడ్డాయి. ఒక ఇంట్లో జబ్బు, ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో దంపతుల మధ్య మాటల్లేవు. వెస్లీ ఆ ఏర్పాటునే ఆత్మల సంరక్షణకు మలిచాడు. అప్పు తీర్చడానికి పుట్టిన ఆ చిన్న గుంపులే ఆ ఉద్యమానికి వెన్నెముక అయ్యాయి. అక్కడ తలుపులు తట్టినవారిలో ఎక్కువమంది మామూలు సభ్యులే, అభిషేకం పొందిన బోధకులు కారు.

నేను సంఘకాపరిని కాలేదు. లెక్కలు రాసే ఉద్యోగంలో స్థిరపడి, సంఘంలో కోశాధికారిగా, తర్వాత సంఘ పెద్దగా ఉన్నాను. లెక్కల మనిషిని కాబట్టి ఒక లెక్క నన్ను చాలాకాలం వెంటాడింది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ 1996లో ప్రచురించిన అంచనా ప్రకారం, క్రీ.శ. 40లో సుమారు వెయ్యి మంది ఉన్న క్రైస్తవులు 350 నాటికి సుమారు 3.4 కోట్ల మంది కావడానికి పదేళ్లకు 40 శాతం పెరుగుదల చాలు. అంటే ఏడాదికి మూడున్నర శాతం లోపే. వంద మంది ఉన్న సంఘానికి ఏడాదికి ముగ్గురో నలుగురో. ఆ లెక్కను తిరగేసి కూడా చూశాను. అదే మూడున్నర శాతం చొప్పున తగ్గుతూ పోతే ఇరవై ఏళ్లలో వంద మంది యాభై అవుతారు. ఏ సంవత్సరమూ ఎవరికీ భయం కలగదు. ముగ్గురే కదా తగ్గారు.

ఆ తొలి శతాబ్దాల్లో తెగుళ్లు వచ్చినప్పుడు క్రైస్తవులు రోగులను వదిలి పారిపోకుండా సేవ చేశారని అలెగ్జాండ్రియా బిషప్ డయోనీసియస్ రాశాడు. క్రైస్తవులను వ్యతిరేకించిన రోమన్ చక్రవర్తి జూలియన్ కూడా నాలుగో శతాబ్దంలో, వీళ్లు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. ప్రత్యర్థి నోట వచ్చిన ఆ మాటకు మించిన సాక్ష్యం ఉంటుందా?

సంఘం ఎదగడానికి సభ్యులు ఏం చేయగలరని నన్ను ఇప్పటికీ అడుగుతారు. వేదికను, మైకులను మార్చడం గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. పక్క సంఘం నుంచి పదిమంది వచ్చి చేరితే దాన్ని ఎదుగుదలగా నేను లెక్కించను. అది ఒక జేబులోది మరో జేబులో వేసుకోవడం. కొత్తగా వచ్చిన మనిషి ఆరాధన ముగిసిన మొదటి ఐదు నిమిషాల్లో ఒంటరిగా నిలబడకూడదు. ఆ సమయంలో మనం మన స్నేహితుల వైపే తిరుగుతాం. వచ్చినవాళ్లు పాట రాగం మరిచిపోతారు, ప్రసంగం మరిచిపోతారు, గుమ్మం దగ్గర తమతో ఎవరూ మాట్లాడలేదన్నది మరిచిపోరు. మారుమనస్సు పొందిన సౌలు, అంటే తర్వాతి పౌలు, యెరూషలేముకు వస్తే శిష్యులందరూ భయపడి దూరంగా ఉన్నారు. బర్నబా ఒక్కడే అతణ్ణి చేరదీసి అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లాడు. మనం పౌలు పత్రికల మీద ప్రసంగాలు చేస్తాం, బర్నబా పట్టుకున్న ఆ చేతిని అంతగా తలచుకోం.

యువతకు పని ఇవ్వాలి, తప్పు చేసే అవకాశంతో సహా ఇవ్వాలి. లెక్కలు అడగకముందే చూపాలి. మా సంఘంలో మూడు నెలలకొకసారి జమాఖర్చులు గోడకు అంటిస్తున్నాం. మొదట్లో పెద్దల్లో కొందరు అవమానంగా భావించారు, ఇప్పుడు ఆలస్యమైతే వాళ్లే అడుగుతున్నారు.

ఇవన్నీ తెలిసి కూడా నేను తప్పాను. పెద్దగా ఉన్న రోజుల్లో, నాతో కలిసి ఏళ్ల తరబడి పాటలు పాడిన ఒక సోదరుడు వరసగా ఐదు వారాలు రాలేదు. మందిరం మరమ్మతుల పనిలో తలమునకలై ఉండి పట్టించుకోలేదు. ఆరో వారం తెలిసింది, అతని ఉద్యోగం పోయిందని, కానుక వేయలేని స్థితిలో సంఘానికి రావడానికి సిగ్గుపడ్డాడని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లాను. అతను తలుపు తీసి, "ఇప్పుడు గుర్తొచ్చానా అన్నా?" అన్నాడు. ఆ మాటకు నేను అర్హుణ్ణే.

కళాశాలలో చదివిన ఆ ఏడాది చివరికి నా పట్టికలో ఆరు పేర్లు చెరిపాను. పెద్దావిడ వాటిలో ఒకరు. ఆవిడ తిరిగి వచ్చిన రెండో ఆదివారమే ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "ఆ మూలన కూర్చునే అమ్మాయి ఈ రోజు కనబడలేదేం?" అని అడిగింది. ఆ అమ్మాయి రాలేదన్నది నేను గమనించనే లేదు. ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ కర్ర ఊతంతో నడుస్తూనే నాకు దారి చూపించింది.

ఈ వ్యాసం రాస్తున్న వారం నా దగ్గర మూడు పేర్లు ఉన్నాయి. ఒకరికి కంటి ఆపరేషన్ అయిందని తెలిసింది, చూసి వచ్చాను. ఒక విద్యార్థినికి పరీక్షలు. మూడో ఆయన ఎందుకు రావడం లేదో తెలియదు. శనివారం సాయంత్రం ఇంటికి వస్తానని ఫోనులో చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆరు గంటల తర్వాత రమ్మన్నాడు.