విమానంలో ఒహ్తానీ లేడు

2023 డిసెంబరు 8, శుక్రవారం. టొరంటోలో మా ఆఫీసులో ఎవరికీ పని సాగలేదు. జపాన్ బేస్‌బాల్ స్టార్ షోహే ఒహ్తానీ మా ఊరి బ్లూ జేస్ జట్టులో చేరబోతున్నాడని, కాలిఫోర్నియా నుంచి ప్రైవేటు విమానంలో వస్తున్నాడని పుకారు. అందరూ ఫోన్లలో ఆ విమానం జాడే చూస్తున్నారు. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని నేను కూడా!

ఐపీఎల్ వేలంలో ఎక్కువ పాడినవారిదే ఆటగాడు. ఇక్కడి బేస్‌బాల్‌లో ఆటగాడికి ఆరేళ్ల సర్వీసు నిండి ఒప్పందం ముగిసిందంటే, జట్లే అతని గుమ్మం ముందు వరుస కట్టాలి. నాకైతే ఇదే మర్యాదగా తోచింది.

తీరా విమానం దిగింది ఒక కెనడా వ్యాపారవేత్త, పిల్లలతో సహా. మర్నాడు ఒహ్తానీ లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ పేరు ప్రకటించాడు. పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి ఇస్తారట! ఇంత పెద్ద అరువు బేరం నేనెక్కడా వినలేదు.

అదే నెలలో డాడ్జర్స్ మరో జపాన్ ఆటగాడు, పిచర్ (బంతి విసిరేవాడు) యోషినొబు యమమోతోను కూడా 32.5 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. అప్పుడు ఆ వార్తను నేను సరిగా చదవనైనా లేదు. 2025 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) ఆఖరిదైన ఏడో మ్యాచ్‌లో, టొరంటోలోనే, 11వ ఇన్నింగ్స్‌లో మా కథ ముగించింది అతనే.