పదివేల డాలర్ల కుర్చీ

జులై ఎండకి లాస్ వెగాస్ మన విజయవాడ మే నెలను తలదన్నేలా ఉంది. ఫీనిక్స్ నుంచి ఐదు గంటలు కారు నడిపిన మా బావ మాత్రం హుషారుగా ఉన్నాడు.

"పేకాట చూడ్డానికి ఇంత దూరమా బావా? సంక్రాంతికి మన ఊరొస్తే చాలదూ?" అన్నాను.

నవ్వి, ముందు ఫ్రీమాంట్ వీధిలోని బినియన్స్ అనే కాసినోకి తీసుకెళ్లాడు. అప్పట్లో దాని పేరు హార్స్‌షూ. పోకర్ అనే పేకాటలో ఏటా జరిగే పెద్ద పోటీ, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్, 1970లో పుట్టింది ఇక్కడే. ఆ ఏడు బెన్నీ బినియన్ పేరున్న ఆటగాళ్లను పిలిచి ఆడించాడు. చివరికి వాళ్లే ఓట్లేసుకుని జానీ మాస్‌ని గెలిపించారు! అసలు పోటీ 1971లో మొదలైంది: ఆరుగురు, తలా 5,000 డాలర్లు. మరుసటి ఏడు ఫీజు 10,000 అయింది. ఇప్పటికీ అంతే. యాభై ఏళ్లుగా ధర పెరగని సరుకు నాకింకోటి కనబడలేదు.

మర్నాడు స్ట్రిప్ అనే పెద్ద హోటళ్ల వీధిలోని హార్స్‌షూకి వెళ్లాం. పేరు చూసి రెండూ ఒకటే అనుకున్నాను గానీ ఇది వేరే హోటలు. పోటీ 2005లో రియో అనే హోటల్‌కి మారి, 2022లో ఇక్కడికొచ్చిందట. అది 2024, మెయిన్ ఈవెంట్, అంటే ఆ పదివేల డాలర్ల పోటీ, మొదటి రోజుల్లో ఒకటి.

హాల్లో అడుగుపెట్టగానే రేకుల కప్పు మీద సన్నటి వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. వందల మంది వేళ్ల మధ్య చిప్స్, అంటే పందెం బిళ్లలు, ఆడుతున్నాయి. మన మూడు ముక్కలాటలోలా అరుపుల్లేవు. ఏసీ చలికి నేను వణుకుతుంటే అందరూ స్వెట్టర్లలో ఉన్నారు. చూసేవాళ్లకి అడ్డంగా కట్టిన తాడు పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన తన రెండు ముక్కల్నీ అరచేత్తో కప్పి, బొటనవేలితో మూల మాత్రం కాస్త ఎత్తి చూసేవాడు. వెంటనే పారేసేవాడు. అరగంటలో ఒక్క పందెం కాయలేదు. దానికా ఎనిమిది లక్షల రూపాయలు పైగా కట్టింది!

"అందరూ అంత కట్టరు," అన్నాడు బావ. చిన్న ఫీజుతో ఆడే శాటిలైట్ పోటీల్లో గెలిస్తే ఇక్కడ కుర్చీ దొరుకుతుంది. 2003లో టెనెసీ అకౌంటెంట్ ఒకాయన వంద డాలర్లలోపు ఆన్‌లైన్ శాటిలైట్‌తో వచ్చి, 838 మందిని దాటుకుని 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఇంటిపేరు మనీమేకర్, నిజంగానే! ఆటగాళ్ల చేతిముక్కలు టీవీలో కనబడటం కూడా అప్పుడే ఊపందుకుంది. మరుసటి ఏడు 2,576 మంది వచ్చారు. మేం చూసిన ఏడు లెక్క తేలేసరికి 10,112. గెలిచిన జొనాథన్ టమాయోకి కోటి డాలర్లు.

"నీకింత వివరంగా ఎలా తెలుసు?"

బావ అటూ ఇటూ చూశాడు. "రెండుసార్లు శాటిలైట్ ఆడాను. మీ అక్కతో అనకు."

ఎంత పోయిందని అడిగితే కాఫీ తాగుదాం పదమన్నాడు.