మగ్గం మీది నాడె రెండుసార్లు ఒకే దిక్కుకు ఎందుకు పోయింది: వీడియో తీయడం నేర్చుకున్న నా అనుభవం

వరంగల్ కొత్తవాడలో మా పెద్దబాపు ఇప్పటికీ గుంత మగ్గం (కాళ్లు గుంతలో పెట్టుకుని నేసే మగ్గం) మీద దర్రీలు, అంటే నేల మీద పరిచే మందపాటి పరుపులు, నేస్తున్నారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ ఆ పనితనాన్ని మా పిల్లలకు చూపడానికి మా ఇంట్లో ఒక్క మంచి వీడియో కూడా లేదు. ఆ లోటు తీర్చాలని ఒకరోజు ఫోను పట్టుకుని మగ్గం చుట్టూ తిరుగుతూ పదకొండు నిమిషాలు ఆపకుండా తీశాను. తర్వాత చూస్తే అందులో నేత కనిపించలేదు. దారాల మీద కన్ను నిలిచేలోపే ఫోను గోడ మీదికి పోయింది. పెద్దబాపు తల మీద సగం తెర ఖాళీగా ఉంది. ట్యూబులైటు వెలుగులో నల్లని పట్టీలు పైకీ కిందికీ పాకుతున్నాయి.

హనుమకొండలో పెళ్లి వీడియోలు తీసే ఒక అన్న దగ్గరికి వెళ్లి నేర్పమని అడిగాను. ఆయన మొదట ఫోనులో గడుల గీతలు పెట్టించి, మనిషి కళ్లు పై గీత దగ్గర ఉండాలనీ, అతను చూస్తున్న వైపు చోటు వదలాలనీ చెప్పారు. తర్వాత ఖిలా వరంగల్‌లోని కీర్తి తోరణం దగ్గరికి పంపి, ప్రతి షాటునూ కదలకుండా పది సెకన్లు తీసుకురమ్మన్నారు. దగ్గర నిలబడి ఫోనును పైకి వంచితే రాతి స్తంభాలు లోపలికి ఒరిగినట్టు వచ్చాయి. వెనక్కి నడిచి, ఫోనును నిటారుగా పట్టినప్పుడే అవి సరిగ్గా నిలబడ్డాయి. పది సెకన్లు చేయి కదలకుండా ఉంచడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. మోచేతులను పక్కలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదలడం అలవాటయ్యాకే అది కుదిరింది.

నల్లని పట్టీల కారణం తేలికైనదే. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది గనుక పాత ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. ఫోను కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్ తెరిచి షట్టరును, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు పెట్టగానే ప్రతి ఫ్రేములోనూ ఆ హెచ్చుతగ్గులు సరిగ్గా రెండేసి పట్టి, పట్టీలు పోయాయి.

నన్ను అన్నింటికంటే ఎక్కువ కష్టపెట్టింది వేరే తప్పు, దాన్ని పట్టుకున్నది పెద్దబాపే. ఈసారి ఆయన వెనక నుంచి ఒక షాటు, మగ్గానికి అవతలి నుంచి ఆయన ముఖం కనిపించేలా ఇంకో షాటు తీసి రెండింటినీ జోడించాను. రెండింటిలోనూ నాడె, అంటే అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టు, కదులుతోంది. చూసి ఆయన, "నాడె రెండుసార్లు గదే దిక్కుకు వోతుందేంది బిడ్డా? మల్ల ఇటెప్పుడొచ్చింది?" అన్నారు. నిజమే. వెనక నుంచి చూస్తే ఆయన కుడిచేతి నుంచి బయలుదేరిన నాడె తెర మీద ఎడమకు వెళ్లింది. అది తిరిగి వచ్చేటప్పుడు నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి మళ్లీ ఎడమకే వెళ్లింది. ఒక పేక (అడ్డదారం) తప్పిపోయిందేమో అన్నట్టు నేతగాడి కన్ను దాన్ని పట్టేసింది.

అన్న దీనికి సూత్రం చెప్పారు. నాడె పోయే దారి వెంట ఒక గీత ఉందనుకుని, షాట్లన్నీ ఆ గీతకు ఒకే వైపు నుంచి తీయాలి. అవతలికి తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే, మధ్యలో దిక్కు తెలియని దగ్గరి షాటు ఒకటి పెట్టాలి. నేను కాలికర్రను తొక్కే పాదాన్ని ఎంచుకున్నాను. పాదం పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది, కుడి ఎడమల తికమక ఉండదు. మగ్గం మొత్తం కనిపించే షాటు, నడుము పైనుంచి పెద్దబాపు, పడుగు (నిలువు) దారాల మధ్య వేళ్లు, ఆ తర్వాత పాదం: ఈ వరుసలో చూస్తే పని దానంతటదే అర్థమైంది. పేకను దట్టించే చప్పుడు కోసం ఫ్యాను ఆపి, మైకును మగ్గం పక్కనే ఉంచాను.

మూడు నిమిషాల ఆ వీడియోను పెద్దబాపు రెండుసార్లు చూశారు. గుంతలోని పాదాల షాటు ఇంకా చీకటిగానే ఉంది. రేపు పొద్దున వాకిలి తలుపు తెరిచి, తెల్లని దుప్పటిని అడ్డంగా పట్టి, ఎండను లోపలికి మళ్లించి దాన్ని మళ్లీ తీయాలి.