మా అమ్మకి స్కానింగ్‌లో దొరకనిది

పోయిన సంక్రాంతికి కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయినప్పుడు బాత్రూం వెనకాల తీగ మీద పాతచీర ముక్కలు మడతపెట్టి కుట్టినవి నాలుగైదు ఆరేసుంటే చూసినా. అమ్మకి 58 ఏండ్లు, ముట్టు ఆగిపోయి శానా ఏండ్లైంది, మరి ఇవెందుకు మా అంటే ముందు ఏం లేదులే అనింది. రాత్రి లైట్ తీసేసినాక చెప్పింది, "కిందికి గడ్డ దిగుతాంది పాపా, రెండేండ్లైంది, సాయంత్రానికి బయటికొస్తాది, పండుకుంటే లోపలికి పోతాది" అని. అది గడ్డ కాదు, గర్భసంచి, మూత్రసంచి కిందికి జారడమని నాకు తర్వాత తెలిసింది. రెండేండ్లు ఆ గుడ్డలు అడ్డం పెట్టుకునే చెనక్కాయ చేన్లో కలుపు తీసింది, మోపులెత్తింది.

అంతకుముందు ఒక్కతే పోయి ఒకచోట చూపించుకుందంట. నడుం నొప్పి, మూత్రం సరిగా రావట్లేదని చెప్పింది కానీ గడ్డ మాట నోటికి రాలేదు, ఎదురుగా మగ డాక్టరు. కడుపు స్కానింగ్ తీసి గర్భసంచి నార్మల్ అని మాత్రలిచ్చి పంపినారు, కింద చూసి పరీక్ష మాత్రం ఎవరూ చేయలేదు. నా కోపమంతా అక్కడే.

ఈసారి నేనే అనంతపురంలో లేడీ డాక్టర్ దగ్గరికి పిల్చుకోని పోయినా. ఆమె మొదట అడిగింది, "చేతికి ఏమన్నా తగులుతాందా అమ్మా, మూత్రం పోయాలంటే వేలితో పైకి నెట్టుకోవాల్సొస్తాందా?" అమ్మ నా వైపు చూడకుండా తలూపింది. మూత్రం పోసుకోని రమ్మని, ఇంకా లోపల ఎంత మిగిలిందో చిన్న స్కాన్‌తో చూసి, ఎడమ పక్కకి పండబెట్టి, బాతు ముక్కు లాంటి స్టీల్ స్పెక్యులమ్‌తో వెనక గోడ పట్టుకోని ముందు వైపు, ముందు గోడ పట్టుకోని వెనక వైపు, దగ్గమ్మా, గట్టిగా ముక్కమ్మా అంటా చూసింది. పండుకున్నప్పుడు పూర్తిగా దిగలా, అప్పటికి పొద్దున పదే కదా. అందుకని నిలబెట్టి ముక్కమనింది, అప్పుడొచ్చింది మొత్తం. గర్భసంచి కంటే ముందర మూత్రసంచే ఎక్కువ జారిందంట. గడ్డని లోపలికి నెట్టి మళ్ళా దగ్గించి మూత్రం కారుతాదేమో కూడా చూసింది, ఎందుకంటే గడ్డ అడ్డం ఉన్నన్నాళ్ళు ఆ కారడం బయటపడదంట.

కొలత స్కేల్‌తోనే. యోని ద్వారం దగ్గర కన్నెపొర ఉండే చోటు సున్నా, దానికి పైన మైనస్, కిందికి ప్లస్ సెంటీమీటర్లు. ఎంత జారిందో కొలిచేదానికి 1996 నుంచి వాడుతున్న పాప్-క్యూ పద్ధతి ఇది, సున్నా నుంచి 4 దాకా స్టేజీలు. అమ్మకి ప్లస్ 3 వచ్చింది, స్టేజి 3.

మరి ఆ స్కానింగ్‌లో ఎందుకు కనపడలేదు మేడమ్ అని అడిగినా. కదలకుండా పండుకున్న మనిషికి పొట్ట మీద నుంచి తీస్తే గర్భసంచిలో కణుతులు, అండాశయాలు తెలుస్తాయి కానీ ముక్కితేనే దిగేది అందులో ఎట్లా తెలుస్తాది అనింది. ఎంఆర్ఐ తీయిద్దామా అంటే వద్దనింది. ముక్కిస్తా తీసే ఎంఆర్ఐ, కింద బయటి నుంచి ప్రోబ్ పెట్టి చేసే అల్ట్రాసౌండ్, విరేచనం పోయేటప్పుడు తీసే ఎక్స్‌రే ఇవన్నీ ఉండాయంట, కానీ ఆపరేషన్ అయినాక మళ్ళీ జారినోళ్ళకి, చెప్పే బాధకీ పరీక్షకీ పొంతన లేనోళ్ళకి ఎక్కువగా రాస్తారంట. అమ్మకి కిడ్నీల స్కాన్ మాత్రం చేయించింది, బాగా జారితే మూత్రనాళాలు మెలిపడి కిడ్నీ ఉబ్బొచ్చని. దేవుడి దయ, బాగుండాయి. పెద్ద మిషన్లో పెడితేనే రోగం దొరుకుతాదనుకునేదాన్ని, చేత్తో పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇప్పటికి, జారినదాన్ని లోపలే ఆపేదానికి యోనిలో రింగ్ వేసినారు. మొన్న అమ్మ ఫోన్ చేసి, పక్కింటి అత్తకి కూడా ఇదే ఉందంట, ఐదేండ్లుగా ఎవరికీ చెప్పలేదంట, బుధవారం ఆమెని పిల్చుకోని వస్తా, టోకెన్ రాయించు అనింది.