గాలి చివరి పెట్టెదాకా చేరిందా?

హౌరా నుంచి చెన్నై వైపు వెళ్ళే రైళ్ళలో చాలావాటికి విశాఖపట్నంలో దిశ మారుతుంది. వచ్చిన ఇంజనును విప్పేసి, అప్పటిదాకా తోకగా ఉన్న వైపు ఇంజను తగిలిస్తారు. మొన్నటి ప్రయాణంలో నేను ఆ తగిలింపు దగ్గరే నిలబడి చూశాను. పచ్చరంగు బ్రేకు పైపు గొట్టాలను, పెట్టెల్లోని గాలి ట్యాంకులను నింపే తెల్లరంగు ఫీడు పైపు గొట్టాలను జతచేసి, పైపులను తెరిచి మూసే యాంగిల్ కాక్ మీటలను పైపు వెంబడి తిప్పగానే గాలి బుస్సుమంటూ వెనక పెట్టెల్లోకి పోయింది. "తగిలించేశారుగా, ఇంకా కదలదేమండీ?" అన్నారు మా పెట్టెలోని పెద్దాయన.

అప్పుడే కదలకూడదు. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి, ఒత్తిడి తగ్గితే ప్రతి పెట్టెలోనూ నిల్వ ఉన్న గాలి నొక్కడంతో పడతాయి. అందుకే గొట్టం తెగినా రైలు దానంతటదే ఆగుతుంది. మధ్యలో ఒక మీట మూసుకుపోతే మాత్రం, ఇంజనులో గాలి ఒత్తిడిని చూపే ముల్లు ఇవతలి సంగతే చెబుతుంది గాని అవతలి పెట్టెల సంగతి చెప్పలేదు. కనుక చివరి పెట్టెలో గార్డు తన గేజీ చూసుకొని, తన వాల్వు తెరిచి గాలి వదిలితే, ఇంజనులో ముల్లు దిగాలి. దిగిందని లోకో పైలట్ చెప్పాకే పైపు ఈ కొస నుంచి ఆ కొసదాకా తెరిచి ఉందని రుజువవుతుంది.

1988 జూన్ 27న పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషనుకు వస్తున్న లోకల్ రైలులో, తన స్టేషన్లో ఆ రైలు ఆగదని తెలుసుకున్న ఒక ప్రయాణికురాలు అత్యవసర బ్రేకు లాగి దిగిపోయారు. దాన్ని సరిచేయబోయిన డ్రైవరు పొరపాటున బ్రేకు పైపు మీటను మూసేశారు. గాలి అందక వెనక పెట్టెల బ్రేకులు బిగుసుకునే ఉంటే, కారణం వేరే అనుకొని, ఆయన పెట్టెపెట్టె దగ్గరికీ వెళ్ళి బ్రేకులను నొక్కి ఉంచిన ఆ నిల్వ గాలిని చేత్తో వదిలేశారు. చక్రాలు వదులయ్యాయి, రైలు కదిలింది, వెనక పెట్టెలకు బ్రేకు లేకుండా పోయింది. పారిస్‌లోకి దిగే వాలులో అది ఆగలేక, ప్లాట్‌ఫారం దగ్గర జనంతో నిండి ఉన్న మరో రైలును గుద్దుకుంది. 56 మంది చనిపోయారు. నిలిచి ఉన్న రైలు డ్రైవరు, అందరినీ దిగిపొమ్మని మైకులో చెబుతూ తన చోటు వదలక, అక్కడే ప్రాణాలు కోల్పోయారు.

మీట విషయంలో జరిగిన పొరపాటు కంటే, ఆ తర్వాత తీసుకున్న ఒక నిర్ణయం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి తర్వాతి స్టేషన్ మెజోన్ ఆల్ఫోర్‌లో ఆగవద్దని రైళ్ళ నియంత్రణ అధికారులు ఆ డ్రైవరుకు చెప్పారు. అక్కడ ఆగడానికి బ్రేకు వేసి ఉంటే, పారిస్ ఇంకా దూరంగా ఉండగానే లోపం బయటపడేది. మన దగ్గర ఆ పనినే బ్రేక్ ఫీల్ టెస్ట్ పేరుతో చేస్తారు: బయలుదేరాక దొరికిన మొదటి అవకాశంలోనే లోకో పైలట్ ఒకసారి బ్రేకు వేసి, రైలు ఎంత పట్టుగా నెమ్మదిస్తుందో చూసుకుంటారు.

విశాఖ దాటిన కాసేపటికి మా రైలు వేగం తగ్గింది. స్టేషనేదీ కనబడక, "మళ్ళీ ఏమొచ్చిందో" అంటూ పెద్దాయన కిటికీలోంచి తొంగిచూశారు. "బ్రేకు పట్టు చూసుకుంటున్నట్టున్నారండీ" అన్నాను. ఆయన తల వెనక్కి తీసుకునేలోగానే రైలు మళ్ళీ పరుగందుకుంది.