ఫోన్ లాక్కెళ్ళాక శ్రీకాకుళంలో నా అనుభవం

మా క్యాంపస్ శ్రీకాకుళం టౌన్‌కి దూరంగా హైవే పక్కన ఉంటుంది. బస్సు దిగాక సర్వీసు రోడ్డు వెంట నడిస్తేనే హాస్టల్. సెమిస్టర్ పరీక్షల ముందు ఒకరోజు చీకటి పడే వేళ నేనూ, మా జూనియర్ అమ్మాయీ నడిచొస్తున్నాం. వెనక నుంచి బైక్ మీద ఇద్దరు వచ్చారు. అమ్మతో మాట్లాడుతుండగానే ఫోన్ చెవి దగ్గరినుంచి లాగేశారు. ఆ ఊపుకి నేను మోకాళ్ళ మీద పడ్డాను. నంబర్ ప్లేటుకి గుడ్డ చుట్టి ఉంది.

జూనియర్ ఫోన్ నుంచే 112కి చెప్పాం. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, కార్డు ఆపించాను, సిమ్ బ్లాక్ చేయించాను. స్కాలర్‌షిప్ డబ్బులు ఆ ఖాతాలోనే ఉన్నాయి మరి. డబ్బులు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సి వచ్చేది, అంతవరకు రాలేదు.

అసలు కష్టం స్టేషన్‌లో ఎదురైంది. "ఎక్కడో పడిపోయిందని రాసిచ్చేయమ్మా, తొందరగా అయిపోద్ది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా రాసిస్తే నేరమే జరగనట్టు, ఆ రోడ్డు మీద ఎవరికీ ఏ భయమూ లేనట్టు లెక్క. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కెళ్ళడానికి విడిగా 304వ సెక్షనే ఉంది. మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. లా చదివే సీనియర్ అక్క ఫోన్‌లో ఒకటే చెప్పింది: "ఏ సెక్షన్ పెట్టాలో వాళ్ళు చూసుకుంటారు, నువ్వు జరిగింది జరిగినట్టు రాయి. మోకాలి దెబ్బ మాత్రం వదలొద్దు." టైము, చోటు, బైక్ రంగు, వాళ్ళు ఎటు వెళ్ళారో, దెబ్బ, అన్నీ రాశాను. ఎస్సైగారు వచ్చి చదివి కేసు కట్టమన్నారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్ళకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకున్నాను. ఒకవేళ కేసు కట్టకపోతే ఫిర్యాదుని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపే హక్కు మనకుంది.

తర్వాత పని, పోయిన ఫోన్ ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపించే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో నా ఫోన్ బ్లాక్ చేయడం. దానికి ఐఎంఈఐ నంబర్, అంటే ఫోన్‌కి ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య కావాలి. ఊళ్ళో నాన్న బీరువాలోంచి ఫోన్ డబ్బా వెతికి తీసి, పక్కింటి అబ్బాయి చేత ఫోటో తీయించి పంపారు. డబ్బా అంచు చిరిగింది గానీ నంబర్ ఉన్న స్టిక్కర్ చెక్కుచెదరలేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర నా పాత మొబైల్ నంబర్‌తోనే కొత్త సిమ్ తీసుకున్నాను. పోర్టల్ అడిగే ఓటీపీ ఎంతకీ రాదు, ఒకటే టెన్షన్. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారని షాపతను చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు ఎఫ్ఐఆర్ కాపీ, బిల్లు, ఆధార్ అప్‌లోడ్ చేస్తే రిక్వెస్ట్ ఐడీ వచ్చింది. ఆ ఐడీ జాగ్రత్తగా దాచుకోవాలి, ఫోన్ దొరికాక మళ్ళీ అన్‌బ్లాక్ చేయడానికి అదే ఆధారం.

నెలలు గడిచాక స్టేషన్ నుంచి కబురొచ్చింది. బిల్లు లేకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒకాయన అందులో సిమ్ వేయగానే పోలీసులకి సమాచారం చేరిందట. కేసు సొత్తు కాబట్టి కోర్టులో అర్జీ పెట్టుకుని, పూచీకత్తు రాసిచ్చి తెచ్చుకున్నాను. లాక్కెళ్ళినవాళ్ళు మాత్రం ఇంకా దొరకలేదు.

ఎఫ్ఐఆర్ ఉండటం వల్ల ఇంకో పని కూడా జరిగింది. దాని కాపీ జతచేసి హాస్టల్ అమ్మాయిలందరం సంతకాలు పెట్టి వీధిదీపాలు, సాయంత్రం గస్తీ కావాలని అర్జీ ఇచ్చాం. క్యాంపస్ గేటు దగ్గర లైట్లు వేశారు, బస్సు దిగే చోట ఇంకా వేయలేదు. అందుకే కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అదే అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.